ఇంజన్ గదిలోంచి పొగ, చుట్టూ 8 డిగ్రీల నీళ్లు: ముందు ఏం చేయాలి?

కొత్త_చుక్కాని:
ఏడు మీటర్ల ఫైబర్ బోటు, లోపల పెట్రోల్ ఇంజన్. నలుగురం ఉంటాం. సరస్సు నీళ్లు 8 డిగ్రీలు. ఇంజన్ మూత సందుల్లోంచి పొగ వస్తే మూత తీసి ఆర్పాలా, దూకెయ్యాలా? ఉన్నవి మంటలార్పే కిలో డ్రై పౌడర్ సిలిండర్లు రెండు, గాలి నిండే ఆటోమేటిక్ లైఫ్ జాకెట్లు నాలుగు.

లంగరు_తాడు:
మూత తీయొద్దండి. గాలి చాలక లోపల మగ్గుతున్న మంట, మూత ఎత్తగానే మొహం మీదకి ఎగుస్తుంది. బోటుకి ఇంకా ఊపు ఉండగానే ముక్కును గాలికి ఎదురు తిప్పండి, పొగ వెనక నుంచి పోతుంది. తర్వాత ఇంజన్, బ్లోయర్ (ఇంజన్ గది ఫ్యాన్) ఆపి పెట్రోల్ వాల్వ్ కట్టెయ్యండి. ఇంజన్ తిరుగుతుంటే మీరు కొట్టిన పౌడర్‌ని అదే పీల్చేసుకుంటుంది.

మూతకి ఫైర్ పోర్ట్ అని చిన్న రంధ్రం ఉండాలి. నాజిల్ అందులో దూర్చి సిలిండర్ మొత్తం ఖాళీ చేయండి. లేకపోతే ముందే పెట్టించుకోండి, మీ నాజిల్ పట్టేంత. కిలో పౌడర్ పది సెకన్లకి మించి రాదు, కాబట్టి పరీక్షకని ఓసారి నొక్కి చూసే పని వద్దు. ఆరిందనిపించినా తొందరపడకండి. చేతి వెనక వైపుతో మూత తాకి చూడండి, చల్లబడేదాకా తెరవకూడదు. కాలిన లోహం పెట్రోల్ ఆవిరిని మళ్లీ అంటిస్తుంది.

ఒడ్డు_దూరం:
పై జవాబులో ఒకటి తప్పింది. సిలిండర్ పట్టుకునే ముందే నలుగురూ జాకెట్లు వేసుకోవాలి, ముగ్గురు ముక్కు దగ్గరికి పోవాలి. ఒకరు వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్లో ‘మేడే’ అనే ఆపద పిలుపు మూడుసార్లు, బోటు పేరు, ఎక్కడున్నారు, ఎంతమంది, ఏం జరిగింది చెప్పాలి. రేడియోకి డీఎస్‌సీ అనే ఆపద సంకేతం పంపే ఏర్పాటు ఉంటే, దాని మీది చిన్న మూత ఎత్తి ఎర్ర బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోవడమే. మంట వైరింగ్‌కి పాకితే రేడియో పనిచేయదు, అందుకే ఇది వెంటనే అయిపోవాలి. ఆటోమేటిక్ జాకెట్‌తో క్యాబిన్‌లో మాత్రం కూర్చోకండి. లోపలికి నీళ్లొస్తే జాకెట్ నిండి మిమ్మల్ని పైకప్పుకి అదిమేస్తుంది.

కొత్త_చుక్కాని:
ముక్కు గాలికి ఎదురుగా నిలవాలంటే లంగరు వేస్తే సరిపోతుందా?

లంగరు_తాడు:
లోతు అందితే వేయండి, ఆర్పేటప్పుడు చాలా సాయం. కానీ దూకాల్సి వస్తే ముందు ఆ తాడు కోసెయ్యాలి. లేకపోతే బోటు అక్కడే నిలుస్తుంది, మీరే గాలికి కొట్టుకొచ్చి మంట దగ్గరికి చేరతారు. కోసేసి గాలి వచ్చే వైపు నుంచి దిగితే బోటే మీకు దూరమవుతుంది. రెండు సిలిండర్లూ అయిపోయి మంట ఇంకా ఉంటే దిగే సమయం అదే. కత్తి ముక్కు దగ్గరే కట్టి పెట్టండి.

చన్నీటి_కొలత:
చన్నీళ్లలో 1-10-1 లెక్క గుర్తుంచుకోండి. మొదటి నిమిషం ఊపిరి వశంలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. అప్పుడు తల మునిగితే నీళ్లు లోపలికి పోతాయి. ఈత మొదలెట్టకుండా మొహం పైకెత్తి జాకెట్ మీద తేలండి, ఊపిరి కుదుటపడుతుంది. తర్వాత సుమారు పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి. తాడు పట్టుకోవడం, విజిల్ అందుకోవడం, ఒకరి పట్టీ ఒకరికి తగిలించడం అప్పుడే. స్పృహ తప్పడానికి గంట వరకు పట్టొచ్చు, అదీ జాకెట్ తేలుస్తుంటేనే. దిగేటప్పుడు దూకకండి, మెల్లగా జారండి. తర్వాత నలుగురూ ఛాతీలు ఆనించి దగ్గరగా ఉండండి.

జాకెట్ సంగతి: బయలుదేరే ముందు కార్ట్రిడ్జ్ (జాకెట్‌ని నింపే చిన్న గ్యాస్ సిలిండర్) చేత్తో తిప్పి చూడండి, చాలాసార్లు వదులై ఉంటుంది. 150 న్యూటన్ల తేలే బలం ఉన్న జాకెట్లలో సాధారణంగా 33 గ్రాముల గ్యాస్ ఉంటుంది. ఉండాల్సిన మొత్తం బరువు ఆ కార్ట్రిడ్జ్ మీదే ఉంటుంది, వంటింటి కాటాలో తూచండి. కాళ్ల మధ్య పట్టీ కట్టకపోతే జాకెట్ చెవుల దాకా లేచి మనిషి కిందికి జారతాడు. జాకెట్ దానంతటది నిండకపోతే దానికున్న తాడు లాగాలి, అదీ పనిచేయకపోతే నోటితో ఊదే గొట్టం ఉంటుంది.

బయటికి తీసేటప్పుడు వీలైతే మనిషిని అడ్డంగా ఎత్తండి. నిలువుగా లాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. తడిబట్టలు తీసి పడుకోబెట్టి కప్పండి, వేడి సంచులు ఛాతీకి, చంకలకి గుడ్డ అడ్డుపెట్టి ఉంచండి. చేతులూ కాళ్లూ రుద్దొద్దు, మద్యం పోయొద్దు. పూర్తి స్పృహలో ఉంటేనే గోరువెచ్చని తీపి పానీయం.