ఒబామా హవాయీయుడా, హవాయి వాసా?

ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘హవాయి రెసిడెంట్స్’ అన్నచోట అలవాటుగా ‘హవాయీయులు’ అని రాసేశాను. తర్వాత మనసొప్పక కొట్టేశాను.

మిషిగన్‌లో ఉండేవాళ్లను మిషిగాండర్లనాలా, మిషిగేనియన్లనాలా అని అక్కడ పాత తగువొకటి ఉంది. ఎలా పిలిచినా మనుషులు మాత్రం వాళ్లే. హవాయి సంగతి వేరు. అక్కడ హవాయియన్ అంటే ఆ దీవుల మూలవాసి. 1893లో రాణి లిలియుఒకలానిని గద్దె దించారు, 1898లో అమెరికా ఆ దీవులను కలిపేసుకుంది. చెరకు తోటల్లో పనికి జపాన్, చైనా, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లెందరో అక్కడే ఉండిపోయారు. మూలవాసులతో రక్తసంబంధం లేకపోతే, అక్కడే పుట్టిన వాళ్ల మనవళ్లను కూడా హవాయియన్లు అనరు. 1961లో హొనొలులూలో పుట్టిన ఒబామానూ అనరు. ఉన్న నేల పోగొట్టుకున్నవాళ్లకు పేరైనా మిగలాలి కదా!

‘భారతీయుడు’ దేశం దాటినా భారతీయుడే. ‘వాసి’లో ఉన్నది వసించడమే. అందుకని మూలవాసులకు ‘హవాయీయులు’, అక్కడుండే అందరికీ కలిపి ‘హవాయి వాసులు’ అంటే సరిపోతుందని నా ఆలోచన. మీరేమంటారు?

వ్యాఖ్య: ఇంత ఎందుకండీ, ‘హవాయి వాళ్లు’ అంటే పోదా?

జవాబు: అదీ ఆలోచించానండీ. మా అమ్మ పెళ్లయ్యాక 40 ఏళ్లు విజయనగరంలోనే ఉంది. ఎవరైనా అడిగితే మాత్రం ‘మేం తెనాలి వాళ్లం’ అనేది. ‘వాళ్లు’ అనగానే మనకు పుట్టిల్లే గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాట వాడితే మళ్లీ మొదటికే వస్తాం.

మరో వ్యాఖ్య: మా చెల్లెలు హొనొలులూలో ఉంటుంది. అక్కడ కొన్ని హోటళ్లలో, షాపుల్లో హవాయి డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే ‘కమాఐనా రేటు’ అని తగ్గించి ఇస్తారు. కమా అంటే బిడ్డ, ఐనా అంటే నేల. ‘ఐ’ అంటే తినడం కాబట్టి ఐనా అంటే తిండి పెట్టేదని అర్థం చెబుతారు. కొత్తగా వచ్చినవాళ్లు మాలిహినీలు. లైసెన్స్ చేతిలో ఉన్నా, ‘నేను కమాఐనా’ అని నోటితో అనడానికి మా చెల్లెలికి ఇంకా బెరుకే.

జవాబు: అన్నం పెట్టిన నేల! ఎంత దగ్గరగా ఉందండీ మన మాటకి. వ్యాసంలో ‘హవాయి వాసులు’ అనే ఉంచుతున్నాను. కమాఐనా వచ్చినచోట మాత్రం ఆ మాటే వేసి, పక్కన ‘ఈ నేల బిడ్డ’ అని రాస్తాను.