పని చోట వేధింపులపై ఫిర్యాదుకు 3 నెలల గడువు సరిపోతుందా?

న్యాయవాది, చిత్తూరు:
2013 నాటి చట్టం ప్రకారం, పని చోట లైంగిక వేధింపులకు గురైన మహిళ చివరి సంఘటన జరిగిన 3 నెలలలోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే ఫిర్యాదును విచారించే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక ఉపకులపతిపై వచ్చిన ఫిర్యాదు గడువు దాటినదేనని తేల్చి, ఆ తీర్పును మాత్రం ఆయన బయోడేటాలో చేర్చాలని ఆదేశించింది. ఈ గడువును ఇలాగే ఉంచాలా, పెంచాలా?

సిబ్బంది విభాగం అధికారి, తిరుపతి:
ఉంచాలి. సాక్షులు ఉద్యోగాలు మారిపోతారు, సీసీ కెమెరాల దృశ్యాలు ఎక్కువ కాలం నిలవవు. ఎప్పుడో జరిగినదానిపై ఆరోపణ వస్తే ఎదుటి వ్యక్తి తన నిర్దోషిత్వాన్ని ఎలా చూపించుకుంటాడు? విచారణనే 90 రోజుల్లో ముగించమన్న చట్టం, ఫిర్యాదుకూ గడువు పెట్టడం సహేతుకమే.

కార్మిక సంఘం కార్యకర్త, చిత్తూరు:
అధికారి గారూ, సాక్ష్యాల ఇబ్బంది నిజమే, కాదనను. అయితే మీ వాదన నెలనెలా జీతం అందుకునే ఉద్యోగినికే సరిపోతుంది. మా వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో తోతాపురి కాయ దిగినన్నాళ్లే పని. పల్లెల నుంచి ఆడవాళ్లను మేస్త్రీ బండిలో తీసుకొస్తాడు, హాజరు పుస్తకం ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది, రేపు ఎవరు బండెక్కాలో చెప్పేదీ ఆయనే. వేధించినవాడు ఆ మేస్త్రీయో, ఆయనకు కావలసిన సూపర్‌వైజరో అయినప్పుడు, సీజను మధ్యలో నోరు విప్పిన మనిషికే కాదు, అదే బండిలో వచ్చే ఆమె తోడికోడలికీ కూలి పోతుంది. అందుకే బాకీ కూలి చేతికి వచ్చేదాకా ఆమె ఓర్చుకుంటుంది. జూన్ మొదట్లో జరిగినదానికి సెప్టెంబరు మొదట్లోనే గడువు తీరిపోతుంది.

క్రిమినల్ చట్టంతో పోల్చి చూడండి. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద అసభ్యమైన లైంగిక వ్యాఖ్యలకు ఏడాది వరకు, ఇష్టం లేకుండా తాకడానికి 3 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఆ కేసులను కోర్టు స్వీకరించడానికి కాలపరిమితి కూడా వరుసగా ఏడాది, 3 ఏళ్లు. జైలుకు పంపగల కోర్టు అంతకాలం తలుపు తెరిచి ఉంచగా, క్రమశిక్షణ చర్యకు సిఫారసు మాత్రమే చేసే కమిటీ ఆరు నెలలకే తలుపు మూసేయడం నాకు ఏమాత్రం న్యాయంగా తోచదు. గడువును కనీసం ఏడాది చేయాలి. అది జరిగేదాకా, మేస్త్రీ మీద ఆధారపడిన బతుకునే తగిన కారణంగా కమిటీలు గుర్తించి పొడిగింపు ఇవ్వాలి.

సిబ్బంది విభాగం అధికారి, తిరుపతి:
సీజను కూలీలకు పొడిగింపు ఇవ్వాలన్న మాటతో ఏకీభవిస్తున్నాను. అందరికీ ఏడాది అంటే మాత్రం ఒప్పుకోలేను.

పాఠకురాలు, బంగారుపాళ్యం:
మా పిన్ని వాళ్లను ఫ్యాక్టరీవారు "మీరు మేస్త్రీ మనుషులు, మాకు సంబంధం లేదు" అంటారు. అలాంటప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?

న్యాయవాది, చిత్తూరు:
అమ్మా, ఆ మాట చట్టం ముందు నిలవదు. రోజుకూలీలు, తాత్కాలిక కార్మికులు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు కూడా ఈ చట్టం దృష్టిలో ఉద్యోగులే. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట యజమాని అంతర్గత కమిటీ వేయాలి. వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అంతకన్నా తక్కువ మంది ఉన్నా, ఫిర్యాదు యజమానిపైనే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. మండల స్థాయి నోడల్ అధికారికి ఇస్తే 7 రోజుల్లో ఆ కమిటీకి పంపాలి. మీ పిన్నికి రాయడం రాకపోతే, ఫిర్యాదు రాయడంలో కమిటీ సభ్యులే సాయం చేయాలి. సంఘటన తేదీని మాత్రం ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోమనండి.