రైలు పెద్దల ముచ్చట్లు: వేసవి కలయిక ఏర్పాట్లు

దేవరకద్ర అన్న (కార్యక్రమం బాధ్యత)
అందరికీ నమస్తే. మన సంఘం వేసవి కలయికలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలను పిలిచి మాట్లాడిద్దామని అనుకున్నాం కదా. ఇక్కడ అమెరికాలో డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనోలో పిల్లల దగ్గరికి వచ్చి ఉన్నవాళ్లందరితో ఫోన్‌లో మాట్లాడాను. మహబూబ్‌నగర్, గద్వాల వైపు వాళ్లలో ఒక డ్రైవర్, ఒక గార్డు, ఒక స్టేషన్ మాస్టర్, స్టేషన్‌లో బండ్లను పట్టాలు మార్చే ఒక పాయింట్స్‌మన్ ఉన్నారు. నల్గొండ వైపు నుంచి గేట్‌మన్‌గా చేసిన పెద్దాయన వస్తానన్నారు. లైన్ వెంట నడిచి పట్టాలు చూసుకునే పని చేసిన జడ్చర్ల కీమ్యాన్ గారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఇక మన కార్యక్రమం షీట్‌లో వీళ్లకు పది నిమిషాలు, శాలువా, గ్రూప్ ఫొటో అని రాసి ఉంది. ఇది నాకు అస్సలు నచ్చలేదు. జీవితమంతా డ్యూటీ చేసిన మనిషిని స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి దింపేస్తే ఆయన చెప్పిందేముంది, మనం విన్నదేముంది? నలభై అయిదు నిమిషాలు కావాలి. రెండు డాన్సులు తగ్గిద్దాం. వద్దనేవాళ్లు ఇక్కడే చెప్పండి.

నల్గొండ చెల్లె (పిల్లల ఐటమ్స్)
అన్నా, డాన్సులు తీసేయొద్దు. పిల్లలు వారం వారం వచ్చి నేర్చుకుంటున్నారు. పాటలు కొంచెం కుదించి పన్నెండున్నరకల్లా అన్నీ అయ్యేలా చూస్తాను. భోజనం అయ్యాక టైమంతా పెద్దలదే. కానీ భోజనం ఒంటిగంట దాటకూడదు, వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారు.

ఇంకో మాట. నల్గొండ పట్నానికి రైలు వచ్చిందే బీబీనగర్–నడికుడి లైన్‌తో. 1974లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే, పని ముగిసేసరికి 1980ల చివరికి వచ్చింది. గేట్‌మన్ తాతను ఆ లైన్ గురించి తప్పకుండా అడగండి. మెట్రో చూసి పెరిగిన పిల్లలకు, ఊరికి రైలు రావడమంటే ఏమిటో ఆయన నోటి నుంచి వినాలి.

గద్వాల తమ్ముడు (సౌండ్, వీడియో)
భోజనం తర్వాతైతే నాకూ సులువు. చేతి మైకులు వద్దు, అందరికీ కాలర్ మైకులు పెడతాను. డ్రైవర్ పెద్దాయనకు వినికిడి బాగా తగ్గింది. స్టీమ్ ఇంజన్ల మీద చేసినవాళ్లలో ఇది చాలామందికి ఉంటుందట. అందుకని ప్రశ్నలు పెద్ద అక్షరాలతో అట్టల మీద రాసి చూపిద్దాం.

పాయింట్స్‌మన్ తాతతో టోకెన్ మార్చుకోవడం చేసి చూపించాలని ఉంది. సింగిల్ లైన్ మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా ఉండేది దానివల్లే. స్టేషన్‌లో మిషన్ నుంచి ఒక ఇనుప గుండు బయటికొస్తుంది, అది చేతికి అందితేనే డ్రైవర్ తర్వాతి సెక్షన్‌లోకి పోవాలి. ఆ గుండే టోకెన్. ఆగని బండ్లకు ఆ గుండును సంచిలో వేసి, పెద్ద రింగుకు కట్టి ఎత్తి పట్టుకుంటే, ఇంజన్ మీద ఉన్నాయన చేయి దూర్చి అందుకునేవాడు. ఆ రింగు బదులు తాత హులాహూప్ పట్టుకుంటాడు, పిల్లలు నడుచుకుంటూ వచ్చి అందుకోవాలి. పరుగెత్తనివ్వం.

స్టేజీ మీద టేపుతో మూడు రకాల గేజ్‌లు, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పులు కూడా వేస్తాను: మన పాత మీటర్ గేజ్ 1,000 మిల్లీమీటర్లు, ఇక్కడి అమెరికా పట్టాలు 1,435, మన బ్రాడ్ గేజ్ 1,676. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా ద్రోణాచలం పోయే లైన్ 1990లలో బ్రాడ్ గేజ్ అయిందాకా ఆ సన్న పట్టాల మీదే కదా మనవాళ్లు తిరిగింది.

జడ్చర్ల అక్క
కీమ్యాన్ మా నాయినే. "డ్రైవర్లు, మాస్టర్ల పక్కన నేను కూసునుడేంది బిడ్డా, నేను గ్యాంగుల పనిజేసినోణ్ని" అంటున్నడు. గ్యాంగంటే పట్టాలు బాగుచేసే జట్టు. రెండు రోజులుగా బతిమాలుతున్నా. ఆయన ఏం చేసేవాడో ఇక్కడ చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే సుత్తి, పానా భుజాన వేసుకుని తన బీట్, అంటే తనకు అప్పగించిన లైన్ అంతా నడిచి, పట్టాలను పట్టి ఉంచే కీలు, బోల్టులు వదులైతే బిగించాలి. వానాకాలంలో రాత్రి పెట్రోలింగ్ కూడా చేసినవాడు. లాంతరు, జెండాలు, పటాకలు పట్టుకుని ఒక్కడే లైన్ వెంట నడవాలి. కట్ట కోసుకుపోయినా, వంతెన దగ్గర నీళ్లు పెరిగినా బండి ఆపే పూచీ ఆయనదే. మీటర్ గేజ్ మీద ప్రమాదం ఉన్న చోటు నుంచి 400 మీటర్ల దూరంలో పట్టా మీద ఒక పటాక, 800 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ఇంజన్ చక్రం కింద అవి పేలితే డ్రైవర్ ఆపుతాడు. ఇప్పటికీ ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

మా దగ్గర ఈ పని ఊరికే చెప్పుకునేది కాదు. 1956 సెప్టెంబర్‌లో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు వంతెన కూలి రైలు పడిపోయింది. నూరుమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడు వైపు అరియలూరు రైలు ప్రమాదం తర్వాత ఆయన దిగిపోయారు. మా నాయిన అప్పటికి ఉద్యోగంలో లేడు కానీ, గ్యాంగులో చేరిన ప్రతి కొత్తవాడికీ మేస్త్రీ మొట్టమొదట ఆ కథే చెప్పేవాడట. అలాంటి పని చేసిన మనిషి వెనక కుర్చీలో కూర్చుంటే నాకు మనసొప్పదు.

దేవరకద్ర అన్న
అక్కా, నీ మాటలు డ్రైవర్ గారికి చదివి వినిపించాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నా: "వానాకాలం ఆ లైన్ల పెట్రోల్‌మన్ పక్కకు నిలవడి, తన నంబర్ పలక మీద లాంతరు చూపిస్తుండె. అది చూసి విజిల్ గొట్టి పోతుంటిమి. ఎన్నేండ్లు గొట్టిన్నో. మనిషి ముఖం ఒక్కనాడు జూడలే. ఆయన రాకుంటే నేను రాను." నాయినకు ఆయనే ఫోన్ చేస్తానన్నారు. నంబర్ ఇవ్వమంటావా?

జడ్చర్ల అక్క
ఇవ్వండన్నా. వెంటనే ఇవ్వండి.

మిర్యాలగూడ వదిన (భోజనాలు)
జొన్న రొట్టెలు, పచ్చి పులుసు, వంకాయ కూర, పెరుగన్నం. కారం తక్కువ వేసింది వేరే గిన్నెలో. పెద్దలకు కూర్చున్న చోటికే వడ్డిస్తాం.

వాళ్ల మాటల సరదా మీద కూడా ఒక పావుగంట ఉంచండి. మా మామగారు గార్డుగా చేశారు, రోజూ ఆ భాషే. పెళ్లికి అత్తమ్మ లేకుండా ఒక్కరే పోతే "లైట్ ఇంజన్‌గా పోయొచ్చిన" అంటారు, అంటే పెట్టెలు లేని ఒంటి ఇంజన్ అన్నట్టు. ఎక్కడికన్నా పోదామంటే అత్తమ్మ నుంచి "లైన్ క్లియర్ రాలేదు", అంటే బండి కదలడానికి అనుమతి రాలేదని. కుదిరేదాకా వచ్చి ఆగిన మా మరిది సంబంధం "ఔటర్ల నిలవడ్డది", స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర ఆగిన బండిలా. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి, మనవడికి టీవీ రిమోట్ ఇచ్చి తనను లూప్ లైన్‌లో, అంటే వేరే బండికి దారిచ్చే పక్క పట్టాల మీద పెట్టామని ఫిర్యాదు. భోజనం అడగాలంటే "పదమూడు గంటలకు రైట్ టైమేనా?" అంటారు. వాళ్లందరూ ఒక దగ్గర చేరితే ఎవరూ స్క్రిప్ట్ రాయక్కర్లేదు.

గద్వాల తమ్ముడు
వదినా, ఇవన్నీ రికార్డ్ అవ్వాలి. రెండు కెమెరాలు పెడతాను. తర్వాత ఒక్కొక్కరివి విడిగా కోసి కుటుంబాలకు పంపిస్తాను. టైమ్ అయిందని గంట కొట్టడం నాకు ఇష్టం లేదు. ఐదు నిమిషాలుంటే పచ్చ జెండా, అయిపోతే ఎర్ర జెండా పట్టుకుందాం. అది వాళ్లు కాదనరు.

నల్గొండ చెల్లె
జెండాలు నేను కుడతాను. ఇంకోటి, ఫ్రిస్కోలోనే అమెరికన్ రైల్‌రోడ్ మ్యూజియం ఉంది కదా, అక్కడ బిగ్ బాయ్ 4018 అనే పెద్ద స్టీమ్ ఇంజన్ ఉంది. 1941 నాటిది. అలాంటివి మొత్తం 25 మాత్రమే చేశారు. మరుసటి రోజు పెద్దలను తీసుకుపోదామా? స్టీమ్ మీద చేసినాయన దాని పక్కన నిలబడి చెప్పేది వినాలని నాకే ఆత్రంగా ఉంది.

దేవరకద్ర అన్న
తప్పకుండా. టైమింగ్స్, వీల్‌చైర్ సంగతి నువ్వే ఫోన్ చేసి కనుక్కో చెల్లె. ఎండ ముదరకముందే పోయొద్దాం.

జడ్చర్ల అక్క
నాయిన వస్తడట. ఫోన్‌లో గంటసేపు మాట్లాడుకున్నారు ఇద్దరూ. నేను లోపలికి పోతే చెయ్యితో "ఉండు ఉండు" అన్నాడు.

దేవరకద్ర అన్న
చాలా సంతోషం అక్కా. అయితే కుర్చీలు అర్ధచంద్రంగా వేద్దాం, కీమ్యాన్ గారు, డ్రైవర్ గారు పక్కపక్కన. శాలువాలు చివర్లో కాదు, కూర్చోగానే కప్పుదాం. పెద్దలను ఇంటి నుంచి తెచ్చి మళ్లీ దింపడానికి ఇంకా ఇద్దరు కావాలి, ప్లేనో వైపు ఒకరు, మెకినీ వైపు ఒకరు. ఎత్తు తక్కువ కారైతే మంచిది, మోకాళ్ల నొప్పులున్నాయి. గురువారంలోగా చెప్పండి.