ముఖం ఫోటో తీసుకున్నారు, అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

నైట్ షిఫ్ట్ (చర్చ మొదలుపెట్టినవారు):
మొన్న శనివారం రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే మా గల్లీ మొదట్లో పోలీసులు ఆపారు. కార్డన్ సెర్చ్, అంటే ఏరియా మొత్తం చుట్టుముట్టి తనిఖీ, అన్నారు. బండి కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా హెల్మెట్ తీయించి, ట్యాబ్ నా ముఖం ముందు పెట్టి ఫోటో తీశారు. లైటు పడి కళ్లు మూసుకుపోతే మళ్లీ తీశారు. "ఇది ఎందుకు సార్?" అంటే "చెకింగ్ అంతే, వెళ్లు" అన్నారు. నా వెనక కూరగాయల బండి పెద్దాయన. ఆయనకేం చెప్పకముందే తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కానీ నేను పనిచేసే గేటెడ్ కాలనీలో నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇలాంటి తనిఖీ చూడలేదు. భద్రత కోసం ఇంతవరకు ఒప్పుకోవచ్చా? మీరేమంటారు?

కిరాణా షాపు:
తమ్ముడూ, 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నాను. సైకిళ్ల మీద పెట్టిన బాంబులు, ఒకదాని వెనక ఒకటి పేలాయి. రోడ్డు నిండా చెప్పులు, టిఫిన్ డబ్బాలు. అంతకుముందు 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో 42 మంది పోయారు. చాట్ తినడానికి, పార్కు చూడడానికి వెళ్లినవాళ్లు వాళ్లు. ఆ రోజులు చూసినవాడికి కెమెరా అంటే ధైర్యం. మా వీధిలో ఒకావిడ పుస్తెలతాడు తెంపుకుపోయిన బండి నా షాపు కెమెరాలోనే దొరికింది. తప్పు చేయనివాడికి ఫోటో అంటే భయమెందుకు?

పాతబస్తీ:
అన్నా, మీరు చూసిన రక్తం అబద్ధమని ఎవరూ అనరు. కానీ ఆ చివరి మాట మా ఇళ్లలో అనకండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లలనే. చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది. డబ్బిస్తే పోయిన ఉద్యోగం, తప్పిపోయిన పెళ్లి సంబంధం తిరిగొస్తాయా? వాళ్లు ఏ తప్పూ చేయలేదు. అయినా భయపడాల్సి వచ్చింది.

2021లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు కుర్రాళ్లను ఆపి, ఫోన్ తీసుకుని, వాట్సాప్‌లో "గంజాయి" అని వెతికిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

నల్లకోటు:
నేను లాయర్‌ని. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీయకపోతే చర్చ తేలదు.

కిరాణా అన్న కెమెరాకు చట్టం ఉంది. 2013లో చేసిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా పోగయ్యే చోట్ల కెమెరాలు పెట్టాలి, రికార్డు 30 రోజులు ఉంచాలి. ఫోన్ ట్యాపింగ్‌కూ నిబంధనలున్నాయి. హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి, ఒక ఉత్తర్వు 60 రోజులే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు, పైన సమీక్షా సంఘం ఉంటుంది. అరెస్టయినవాళ్ల ఫోటోలు, వేలిముద్రల కోసం 2022లో కేంద్రం కొత్త చట్టం తెచ్చింది. ఆ రికార్డు 75 ఏళ్లు ఉంచుకోవచ్చు. నా దృష్టిలో అది చాలా ఎక్కువ. కానీ ఆ చట్టం కూడా ప్రధానంగా శిక్ష పడినవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ల గురించే. మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న మనిషి ఫోటో తీయడానికి అది వీలివ్వదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. దాన్ని తగ్గించాలంటే ముందు చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, తీసుకునే చర్య ఆ అవసరానికి మించకూడదు. మీ ఫోటో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. లాక్‌డౌన్‌లో మాస్కు తీయించి ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్తే, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కాపాడుతుందనుకుంటారేమో. దేశ భద్రత, శాంతిభద్రతల కోసమని కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు అందులో మినహాయింపు ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ సెక్షనే.

కిరాణా షాపు:
లాయర్ గారూ, రూల్స్ ఉంటే చాలా? ఫోన్ ట్యాపింగ్‌కు అన్ని నిబంధనలున్నాయంటున్నారు. మరి 2024లో మన రాష్ట్రంలో బయటపడ్డ కేసు సంగతేంటి? ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ.

నల్లకోటు:
సరైన చోట పట్టుకున్నారన్నా. ఆ కేసు ఇంకా తేలాలి, కాబట్టి ఎవరు దోషులో నేను చెప్పను. కానీ అనుమతిచ్చేదీ అధికారులే, సమీక్ష చేసేదీ అధికారులే అయితే ఇలాంటి అనుమానాలు వస్తూనే ఉంటాయి. ట్యాపింగ్‌లో కనీసం ఒక ఉత్తర్వు, ఒక తేదీ, ఒక సంతకం ఉండాలి, కాబట్టి కేసు పెట్టడానికి దారి దొరుకుతుంది. ట్యాబ్‌లో తీసిన ఫోటోకు అవేవీ లేవు. పోలీసులకు కెమెరా వద్దని నేను అనను. ఎవరు, ఎందుకు తీశారో రాసి ఉండాలి, ఎప్పుడు చెరిపేస్తారో చట్టంలో ఉండాలి, సంబంధం లేని జడ్జి ఆ రికార్డు తనిఖీ చేయాలి.

నైట్ షిఫ్ట్:
సమాచార హక్కు దరఖాస్తు రాశాను. మూడే ప్రశ్నలు: ఏ చట్టం కింద తీశారు, ఎన్ని రోజులు ఉంచుతారు, తీసేయమని ఎవరిని అడగాలి. కూరగాయల పెద్దాయన్ని కూడా అడిగాను. "నా పేరు రాయకు బాబూ, రేపు మళ్లీ అదే రోడ్డు మీద బండి పెట్టుకోవాలి" అన్నాడు. నా పేరుతోనే పంపుతున్నాను.

కిరాణా షాపు:
కెమెరా తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను తమ్ముడూ. కానీ లాయర్ గారి మాట విన్నాక ఒకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో నా షాపు రికార్డింగ్ ఐదారుసార్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. గొలుసు కేసు ఒక్కటే నాకు తెలుసు. మిగతావి ఎందుకు అడిగారో నేను అడగలేదు, చీటీ కూడా తీసుకోలేదు. నిన్న కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టాను. ఇకమీదట ఎవరు తీసుకున్నా తేదీ, పేరు, కేసు నంబరు రాసి సంతకం పెట్టాకే ఇస్తాను.