ఎకో నార్మల్ ఉన్నా పిల్లోడికి గుండె మాత్ర మొదలుపెట్టల్లా?

అనంతపురం అమ్మ: మావాడికి డుషేన్, కండలు పోతా వచ్చే జబ్బు. పదేండ్లు నిండినాయి, నడక పోయి ఏడు నెలలైంది. మొన్న ఎకోలో, అదే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 60 శాతం, నార్మలే అన్నారు. అయినా డాక్టరు ఎనలాప్రిల్ చిన్న డోసు రాసిచ్చినారు. మా అత్తేమో బాగున్న గుండెకు మందెందుకు, ఇప్పటికే స్టెరాయిడ్ మింగుతాండాడు అంటాంది. చీటీ నాలుగు దినాలుగా ఫ్రిజ్ మీదే ఉంది.

కడప అన్న: ఆగండక్కా. అది బీపీ మాత్ర. మా తమ్మునికి ఇదే రకం మాత్ర వేస్తే రాత్రంతా పొడిదగ్గు, కూచోబెడితే కండ్లు తిరిగేవి. ఆరు నెలలకోసారి ఎకో తీపిచ్చి, తగ్గితే అప్పుడేస్తే సాలదా?

కర్నూలు నాన్న: తగ్గినాక వేద్దామనే మేమూ అనుకున్నాం అన్నా. మెట్లెక్కితే కదా ఆయాసం తెలిసేది, వీల్‌చెయిర్లో కూచున్నోడికి ఎట్ల తెలుస్తాది, మా పెద్దోడు కడుపునొప్పి అనేటోడు, సంగటి రెండు ముద్దలు తిని గిన్నె తోసేసేటోడు, మేం గ్యాస్ మందు పోస్తా వచ్చినాం, ఎకో తీసేసరికి పంపింగ్ 38 శాతం. కండను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ లేక కాలి కండ ఎట్ల పోతాదో గుండె కండా అట్లే, ఆడ మచ్చ కడతాది, ఎంఆర్ఐలో ఆ మచ్చ కనపడినా ఎకోలో పంపింగ్ బాగానే ఉండొచ్చు. ఫ్రాన్సోళ్లు 2005లో రాసినారు చూడండి, గుండె బాగున్న 57 మంది డుషేన్ పిల్లోళ్లలో సగంమందికి పెరిండోప్రిల్ (ఎనలాప్రిల్ రకం మాత్రే), తక్కినోళ్లకి మందు లేని ఉత్త మాత్ర, మూడేండ్ల తర్వాత అందరికీ మందే. ఐదేండ్లకి పంపింగ్ 45 కంటే తగ్గినోళ్లు ముందునుంచి వేసుకున్నోళ్లలో ఒక్కడు, ఆలస్యంగా వేసుకున్నోళ్లలో ఎనిమిది మంది.

కడప అన్న: 57 మందంటే చిన్న లెక్కే కదా. మూడేండ్లప్పుడు తేడా కూడా కనపడలేదంట.

కర్నూలు నాన్న: నిజమే, చిన్నదే. కానీ 2018 డుషేన్ గైడ్‌లైన్స్‌లో కూడా పదేండ్లకల్లా మొదలుపెట్టమనే ఉంది. కట్టిన మచ్చ వెనక్కి పోదన్నా, నా బాధంతా అదే.

వార్డు నర్సు: దగ్గు వస్తే లోసార్టాన్ అనే ఇంకో రకం మాత్రకి మారుస్తారు, మాత్రే మానేయాల్సిన పనిలేదు. బీపీ, పొటాషియం చూస్తా డోసు మెల్లగా పెంచుతారు. ఈ పిల్లోళ్లకి కండ తక్కువ, కిడ్నీ బాగలేకున్నా క్రియాటినిన్ నార్మలే వస్తాది, కిడ్నీకి సిస్టాటిన్ సి అనే రక్త పరీక్ష అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న దినం మాత్ర వేసే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంకోటక్కా, మీరు క్యారియరేమో, అంటే ఈ జబ్బు జీన్ మీలోనూ ఉందేమో, టెస్ట్ చేసినారా? క్యారియర్ తల్లులకీ గుండె కండ దెబ్బతినొచ్చు.

అనంతపురం అమ్మ: నాకెవరూ చెప్పలేదు ఈ మాట. వాన్ని ఎత్తి దించుతాంటే ఆయాసం వస్తాంది, బరువు పెరిగినాడు కదా అనుకుంటాన్నా. మాత్ర ఈ రాత్రే వేస్తా. సోమవారం నాకూ ఎకో రాయమని అడుగుతా.