అప్‌డేట్: సమాచారం ఎక్కువై తల తిరుగుతోందని అడిగాను కదా

వార్తలు, గ్రూపు మెసేజ్‌లు, దాచుకున్న లింకులు అన్నీ కలిసి ఊపిరాడనివ్వట్లేదు, ఏం చేయాలని ఆమధ్య అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు చాలా నయం.

నోటిఫికేషన్లు మొత్తం ఆపేయమన్న సలహా నాకు కుదరలేదు. ఆఫీసు కబురు ఎక్కడ మిస్సవుతానో అని ఇంకో టెన్షన్. పనికొచ్చింది వేరే ఒకరు చెప్పిన చిట్కా: వచ్చిన నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకుంటే ఆ రకం ఒక్కటే ఆపొచ్చు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచీ ఈ సౌకర్యం ఉంది. బ్యాంకు యాప్‌లో ఆఫర్లు ఆగాయి, లావాదేవీల కబుర్లు మాత్రం వస్తున్నాయి. వాట్సాప్ గ్రూపుల్ని ఆర్కైవ్‌లో పెట్టాను. కొత్త మెసేజ్ వచ్చినా అవి పైకి రావు. మనల్ని ట్యాగ్ చేస్తేనో, మన మాటకు జవాబిస్తేనో తెలుస్తుంది.

అసలు మేలు జరిగింది లింకుల దగ్గర. "ఎందుకు కావాలో పక్కన ఒక్క ముక్క రాయండి, రాయలేకపోతే తీసేయండి" అన్నారొకరు. రాయడానికి కూర్చుంటే చాలావాటికి కారణమే తోచలేదు. "అమ్మ మోకాళ్లకు వ్యాయామాలు" అని రాసుకున్నది మాత్రం అప్పుడే తెరిచి చదివాను. డాక్టరును అడిగి, ఇప్పుడు రోజూ అమ్మతో చేయిస్తున్నాను. ఈ సలహాకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

రాత్రిపూట వార్తలు చూడటం ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టిన రోజుల్లో బాగానే నిద్ర పడుతోంది.