హెంప్ ఆయిల్, సీబీడీ ఆయిల్, విజయ ఎక్స్‌ట్రాక్ట్: తేడా ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, మల్కాజ్‌గిరి. షుగర్ వల్ల అమ్మకు పాదాల్లో నరాల మంటలు, రాత్రుళ్లు నిద్ర ఉండట్లేదు. గంజాయి మొక్క నుంచి తీసిన నూనె వాడమని మా పిన్ని చెప్పింది. వెతికితే ఒక సీసా మీద హెంప్ సీడ్ ఆయిల్ (గంజాయి జాతి మొక్క గింజల నూనె) అని, ఇంకోదాని మీద ఫుల్ స్పెక్ట్రమ్ అని, మరోదాని మీద విజయ (ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు) ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంది.

నాకు అర్థమైనంత వరకు ఈ మొక్కలోని రసాయనాల్లో మత్తునిచ్చేది టీహెచ్‌సీ, సీబీడీ మాత్రం మత్తునివ్వదు. గింజల నూనెలో ఈ రెండూ దాదాపు ఉండవు, దాన్ని నొప్పుల మందని అమ్మడం అన్యాయం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టంలో పూత భాగం గంజాయి, జిగురు చరస్. పూత లేని విడి ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు.

ఫుల్ స్పెక్ట్రమ్ అంటే టీహెచ్‌సీ కూడా ఉన్నట్టేనా? ఎంత ఉందో లేబుల్ మీద ఎక్కడ చూడాలి? ఐసోలేట్ అంటే ఏంటి? అమ్మ గుండె కోసం వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) వేసుకుంటోంది. సీబీడీ దాని ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెస్తుందని చదివినప్పటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. డాక్టర్ చీటీ లేకుండా ఏదీ కొనను. వైద్యులు, ఫార్మసిస్టులు ఎవరైనా ఉంటే, న్యూరాలజిస్ట్‌ను ఏమేం అడగాలో దయచేసి చెప్పండి.